కంచె పక్క గోధుమ

హేగ్‌బీ, లింకన్‌షైర్
17 జూన్ 1969

తమ్ముడు ఎమోస్‌కు,

నువ్వు లేకపోతే ఇంట్లో పనులన్నీ ఆగిపోయాయని బెంగపడుతున్నావట. ఈ ఉదయం ఎలా గడిచిందో రాస్తున్నాను, చదివి నిశ్చింతగా ఉండు.

తెల్లవారగానే లేచి పొయ్యి వెలిగించాను. బైబిల్ వాక్యం చదువుకున్నాను. ప్రార్థన కాస్త సాగింది, ఓట్స్ గంజి అడుగంటింది. నీ కూతురు లెట్టీ పాలు పితికి వచ్చి, అడుగంటిందే తనకిష్టమని అబద్ధమాడి తినేసింది. నువ్వు పడిన రోజు పెట్టుకున్న టోపీ వసారా బల్ల మీదే ఉండిపోయింది. నల్లకోడి దాంట్లో గుడ్లు పెడుతోంది. పెట్టనిస్తున్నాను. తర్వాత చాపెల్ రోడ్డు పొలానికి వెళ్ళాను. చిక్కుడు నడుం ఎత్తు వచ్చింది, నిండా పూత. నేలకు మంచి బలం చేరుతోంది. అక్టోబరులో అక్కడ వేసే గోధుమ ఏపుగా పెరుగుతుంది. అంత ఏపుగా పెరిగింది నిలబడుతుందా అన్నదే నా దిగులు.

అక్కడే ఎస్టేటు ఏజెంటు క్రౌడర్ గారు కారు ఆపారు. నీ కాలు గురించి అడిగారు. తర్వాత, "అమ్మా, పోయినేడు ఈ పొలంలో గోధుమ పరుపు పరిచినట్టు పడుకుంది. కంకుల్లోనే మొలకలొచ్చాయి. ఎస్టేటు దొరగారు కారులో పోతూ చూశారు. వచ్చే పంట కూడా అలాగే పడిపోతే మీ కౌలు రద్దు చేసి పక్క రైతు డానట్‌కు ఇవ్వమన్నారు" అన్నారు. ఆయనకు చెప్పడం ఇష్టం లేదు. నీకు దాచడం నాకూ ఇష్టం లేదు.

ఆగస్టులో విత్తనాలకు ఆర్డరు ఇవ్వాలి. ఆలోపు పడిపోనిదీ, తెగులు పట్టనిదీ ఒక రకం ఎంచుకోవాలి. నువ్వు కదలలేవు. ఏం చూడాలో రాయి, చూసి వస్తాను.

గేటెక్కి డానట్ గారి పొలంలోకి తొంగిచూస్తూ పడ్డావని ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళతో "పడ్డాడు" అంటున్నాను.

నీకోసం ప్రార్థించే
అక్క థిర్జా


లింకన్ ఆసుపత్రి, ఎముకల వార్డు
21 జూన్

అక్కయ్యా,

ఇక్కడ ట్రాక్టరు మీద నుంచి పడ్డానని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. పక్క మంచం మీద టాస్కర్ అని రైల్వే సిగ్నల్‌మన్ ఉన్నాడు. "ట్రాక్టరు నడుస్తోందా, ఆగుందా?" అని రోజూ అడుగుతున్నాడు. నా కాలు కప్పీకి తగిలించి, చివర ఇసుక సంచి వేలాడదీశారు. కబేళాలో వేలాడే మాంసం ముక్కకైనా నాకంటే స్వేచ్ఛ ఎక్కువ.

పొలం డానట్‌కు ఇస్తారా? పోయినేడు చాపెల్‌లో ప్రార్థన అయ్యాక గేటు దగ్గర అందరి ముందూ ఏమన్నాడో మర్చిపోయావా? "ఏం ఎమోస్, నీ గోధుమకు నిద్రొచ్చిందా?" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా మంటగానే ఉంది. అయినా చెప్తున్నా, ఈ ఏడు వాడి గోధుమ చూడు. రోడ్డు పొడుగునా గోడ కట్టినట్టు నిలబడింది. రకం పేరు హార్బీ అని వాడే చెప్పుకుంటున్నాడు. మనమూ హార్బీయే వేద్దాం. అన్ని పొలాల్లోనూ అదే. ఒక ధాన్యం కొట్టు, ఒకే రకం. నాన్న పద్ధతి అది.

నువ్వు చేయాల్సిందల్లా ఆదివారం సాయంత్రం పైర్లు చూడ్డానికి వచ్చే అందరితో పాటు రోడ్డు మీద నుంచి చూడడం. గొడుగుతో పైరును పక్కకు నెట్టు. వదలగానే లేచి నిలబడాలి. కంచె మీదుగా చెయ్యి చాపి ఒక పోటాకు తెంపి కవర్లో పెట్టి పంపు. కంకి కింద ఉంటుందే, ఆ పై ఆకు. దాన్ని చూసి తెగులు సంగతి నేను చెప్తా. అంతేగాని లోపలికి పోకు. ఇంకొకడి పొలంలో నడవడం మర్యాద కాదు.

లెట్టీ వ్యవసాయ శిక్షణ కేంద్రం కాగితం తెచ్చి, ఈ రకానికి ఇన్ని మార్కులు, ఆ రకానికి అన్ని మార్కులు అంటుంది. విను. విని ఊరుకో.

ప్లం రొట్టె పంపు.

ఎమోస్


హేగ్‌బీ
30 జూన్

తమ్ముడికి,

ప్లం రొట్టె వేరే పంపాను. సగం టాస్కర్ గారికి ఇవ్వు.

ఆదివారం సాయంత్రం ఊరంతా రోడ్డు మీదే ఉంది. అందరూ డానట్ గారి గోధుమనే మెచ్చుకున్నారు. నేను గొడుగుతో నెట్టాను. వెంటనే లేచి నిలబడింది. డానట్ గారు వెనకనే ఉన్నారని చూసుకోలేదు.

"మా హార్బీని పొడుస్తున్నారేంటి థిర్జా గారూ?"

"నిలబడుతుందా అని చూస్తున్నాను."

"పొడవకపోతే నిలబడుతుంది."

ఆయన అనుమతితోనే ఒక పోటాకు తెంపాను. దాని మీద వరసగా పసుపు గీతలున్నాయి. నా తెల్ల చేతితొడుగుకు పొడి అంటింది. అది ఒకటో నంబరు కవర్లో పెట్టాను.

లెట్టీ శిక్షణ కేంద్రంవాళ్ళ ప్రయోగ మళ్ళు చూసి వచ్చింది. అక్కడ హార్బీ ఆకు శుభ్రంగా ఉందట, ఒక్క మచ్చ లేదట. కానీ వాన పడ్డాక పైరు ఒక పక్కకు వాలిందట. పక్క మడిలో కెస్టన్ అని పొట్టి రకం ఉంది. అది నిటారుగా ఉంది గాని ఆకుల నిండా పసుపు తుప్పు తెగులు. అక్కడి హార్బీ ఆకు రెండో నంబరు కవర్లో ఉంది.

హార్బీకి అక్కడ తెగులు లేదు, వాలింది. డానట్ గారి రోడ్డు పక్కన తెగులు ఉంది, వాలలేదు. ఒకే రకం రెండు చోట్ల ఇలా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

అక్క థిర్జా


ఆసుపత్రి
4 జూలై

అక్కయ్యా,

నీ కవర్లు పెద్ద గొడవ తెచ్చాయి. ఒకటో కవరు విప్పి దులిపాను. పసుపు పొడి దుప్పటి నిండా పడింది. హెడ్ నర్సు వచ్చి, "ఓడ్లింగ్ గారూ, ఇదేమిటి?" అంది. "తుప్పు తెగులు" అన్నాను. తెగులు అన్న మాట వినగానే నా దుప్పటి, టాస్కర్ దుప్పటి, ఆ పక్కవాడి దుప్పటి కూడా ఉతకడానికి పట్టుకుపోయింది. నన్ను స్పంజితో తుడిపించింది. గోధుమ తెగులు మనుషులకు రాదని చెప్తే, "నా వార్డులో ఎవరికి ఏం వస్తుందో నేను చెప్తాను" అంది. రెండో ఆకును చిన్న నర్సు పువ్వు అనుకుని గ్లాసులో నీళ్ళు పోసి పెట్టింది. పాపం ఇంకా పచ్చగానే ఉంది.

నా నిర్ణయం విను. ఒకటో ఆకు పోస్టులో నలిగి పసుపెక్కింది. మరి పొడి ఎక్కడిదంటావా, నీ చేతితొడుగుది. ఆదివారం బడిలో సుద్దముక్క పట్టుకుంటావు కదా. లెట్టీ చూసిన మడి వాలిందంటే, శిక్షణ కేంద్రంవాళ్ళకు విత్తడం రాదు. నేను కళ్ళారా చూసిన పైరు డానట్ పైరే. గేటు మీద నుంచి ఎంత బాగా చూశానో నా కాలే సాక్ష్యం.

హార్బీకి ఆర్డరు ఇచ్చేయ్.

ఎమోస్

మళ్ళీ ఆకులు పంపకు. రొట్టె పంపు.


హేగ్‌బీ
13 జూలై

తమ్ముడికి,

సుద్ద తెల్లగా ఉంటుంది.

రోడ్డుకు తారు వేస్తున్నారు. అందుకని నిన్న సాయంత్రం ముసలామె పెల్ గారికి సూపు తీసుకుని డానట్ గారి పొలం మధ్య కాలిబాటన వెళ్ళాను. అది అందరూ నడిచే దారి, మర్యాద తప్పలేదు. పొలం నడిమధ్య డానట్ గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. నన్ను చూసి టోపీ తీశారు. దాని అంచును చేతుల్లో తిప్పుతూ నిలబడ్డారు.

తర్వాత ఆయన, "థిర్జా గారూ, ఈ సంగతి ఎమోస్‌కు నేనే చెప్పుకుంటాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి" అని బతిమాలారు. మాట ఇచ్చాను. ఆయన కోసం ప్రార్థిస్తానని కూడా చెప్పాను. ఎందుకో మరింత కంగారుపడ్డారు.

హార్బీకి ఆర్డరు ఇవ్వలేదు. ఇవ్వను. కారణం ఇప్పుడు చెప్పలేను.

సూపు చల్లారిపోయింది. పెల్ గారు అలాగే తాగేశారు.

అక్క థిర్జా


ఆసుపత్రి
17 జూలై

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. టాస్కర్ భయపడి డాక్టరును పిలిపించాడు.

ఇలాంటి విషయాల్లో నాకు మాటలు రావు. నీకు యాభై ఆరేళ్ళు. నీ మనసు నీది. నీ సుఖానికి అడ్డం రావడానికి నేనెవణ్ణి? నా భార్య చనిపోయినప్పుడు నువ్వొచ్చి ఈ ఇల్లు నిలబెట్టావు, లెట్టీని పెంచావు. కానీ అక్కా, డానట్టా? ఊళ్ళో ఇంకెవరూ లేరా?

ఇంకో సంగతి కూడా తెలిసింది. విత్తనాల ఆర్డరు ఎందుకు ఆపావో. వచ్చే ఏడు ఆ పొలంలో ఏం వేయాలో చెప్పేది వాడే కదా ఇక. ఏజెంటు కారులో వచ్చి లాక్కోలేని పొలాన్ని ఇంకో దారిన పట్టుకుపోతున్నాడన్నమాట. నాన్న దున్నిన నేల. అంతకంటే ఇప్పుడు రాయను.

లెట్టీకి తెలుసా?

ఎమోస్


హేగ్‌బీ
22 జూలై

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అర్థం కాలేదు. నొప్పికి మందు మోతాదు ఎక్కువ ఇస్తున్నారేమో అడగమని లెట్టీతో ఫోను చేయించాను. లేదన్నారట.

లెట్టీకి సగం తెలుసు. మిగతా సగం దానంతటదే ఊహించుకుంది. అది తెలివైన పిల్ల.

డానట్ గారు వారంగా రోజూ సాయంత్రం మన వంటింట్లోకి వస్తున్నారు. కూర్చుంటారు. టీ తాగుతారు. నోరు తెరుస్తారు, మూస్తారు. "వస్తానండీ" అని వెళ్ళిపోతారు. మనిషి చిక్కిపోయారు. ఆయనకు ధైర్యం ఇవ్వమని ప్రార్థిస్తున్నాను. ఆ మాట ఆయనతో అంటే టీ ఒలికిపోయింది.

శనివారం పెద్ద గాలివాన. చిక్కుడు తట్టుకుంది. డానట్ గారి రోడ్డు పక్క గోధుమ ఇంకా నిలబడే ఉంది. క్రౌడర్ గారు కారు నెమ్మదిగా నడిపి దాన్ని చూసుకుంటూ పోయారు.

విత్తనాల వ్యాపారి కబురు పంపాడు. ఆగస్టు మొదటి వారం దాటితే మంచి విత్తనం ఉండదట. నువ్వు చెప్పిన ఒక్క హార్బీకే నేను సంతకం పెట్టలేను. నీ మాట లేకుండా ఇంకొకటి రాయనూలేను. ఓపిక పట్టు.

అక్క థిర్జా


ఆసుపత్రి
29 జూలై

అక్కయ్యా,

మొన్న రాత్రి వార్డులోకి టీవీ తోసుకొచ్చి చంద్రుడి మీద మనుషులు నడవడం మళ్ళీ చూపించారు. అంత దూరం పోయి అక్కడి మట్టి ఎలా ఉందో చెప్తున్నారు. నా సొంత అక్క డానట్ పొలంలో ఏముందో చెప్పడం లేదు. ఇదే మాట టాస్కర్‌తో అంటే కన్నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

సరే. ఆదివారం డానట్ వచ్చాడు, చేతిలో రేగు పళ్ళంత చిన్న ప్లమ్ముల సంచితో. కొత్త కాలరు పెట్టుకున్నాడు. అది చూడగానే నాకు తెలిసిపోయింది. కాలు కప్పీకి కట్టేసి ఉంది కాబట్టి సరిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

"ఎమోస్, మీ అక్క చెప్పే ఉంటారు" అన్నాడు.

"చెప్పింది. మొత్తం కాదు."

"నేనే చెప్పాలి, అదే న్యాయం. పోయినేడు నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఇప్పుడు ఏ మొహంతో నీ ముందుకు వచ్చానా అని ఉంది."

"నీకు ఎప్పటి నుంచి ఇది?"

"జూన్ నెల వానల నుంచి. రోజూ సాయంత్రం ఒక్కణ్ణే పోయి నిలబడి చూసుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పుకోలేక నిద్రపట్టేది కాదు. ఆవిడ చూసేశారని తెలిశాక ఒక రకంగా హాయిగా అనిపించింది."

అక్కా, వాడి మీద నాకు జాలేసింది. డానట్ మీద. "పొలం సంగతి ఏమిటి?" అని మాత్రం గట్టిగా అడిగాను.

"చాపెల్ రోడ్డు పొలమా? దాని మీద నాకేం హక్కుంది? క్రౌడర్ దగ్గరికి నేనే పోయి అన్నీ చెప్పేస్తాను. అది నీదే."

వాడి చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలిచాను. "హొరేస్, మా అక్కకు ఇష్టమైతే నాకు అభ్యంతరం లేదు" అన్నాను. వాడు ఒక క్షణం తెల్లబోయి చూశాడు. "ఆవిడ మనసు చాలా మంచిది" అని ముక్కు చీదుకున్నాడు. టాస్కర్ తన మంచం మీద నుంచి చప్పట్లు కొట్టాడు. చిన్న నర్సు ఏడ్చింది. హెడ్ నర్సు మాత్రం ప్లమ్ములు కడిగారా అని అడిగింది.

కాబట్టి నా ఆశీర్వాదం తీసుకో. పెళ్ళి ఊరి పెద్ద చర్చిలో కాకుండా మన చాపెల్లోనే జరగాలి. నా కాలు ఊడదీసేదాకా, అంటే కప్పీ నుంచి, తేదీ పెట్టకండి.

విత్తనాలకు హార్బీ రాసేయ్ ఇక. ఇప్పుడు అడ్డేముంది?

తమ్ముడు ఎమోస్


హేగ్‌బీ
5 ఆగస్టు

తమ్ముడికి,

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే ఆలోచన ఆయనకు లేదు, వినే ఆలోచన నాకు లేదు. నీ ఉత్తరం చదివి లెట్టీ నవ్వి నవ్వి పాలక్యాను మీద కూర్చుండిపోయింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత గిన్నెలు కడుగుతుంటే వచ్చింది.

నువ్వు ఇచ్చిన ఆశీర్వాదాన్ని డానట్ గారు తన గోధుమ సంగతికి దొరికిన క్షమ అనుకుని నిశ్చింతగా ఇంటికి వచ్చారు. దాన్ని అలాగే ఉండనివ్వు.

నిన్న సాయంత్రం ఆయన మన వంటింట్లో కూర్చుని, లెట్టీ ఎదుటే మొత్తం చెప్పారు. నన్ను మాట నుంచి విడిపించారు. ఇక రాయవచ్చు. ఆ రోజు కాలిబాట మీద నేను చూసింది ఇది. రోడ్డు పక్క సన్నటి పట్టీ తప్ప ఆయన గోధుమ మొత్తం పడిపోయింది. మన పోయినేటి గోధుమ కంటే అన్యాయంగా, గొర్రెల మంద పడుకుని లేచినట్టు ఉంది. పోయిన శరదృతువులో విత్తుతుంటే అంచు దగ్గరికి వచ్చేసరికి హార్బీ విత్తనం అయిపోయిందట. పెదనాన్న కొడుకు దగ్గర మిగిలిన కెస్టన్ తెచ్చి ఆ అంచంతా విత్తారట. జూన్ వానలకు లోపలి హార్బీ పడిపోయింది. అంచున కెస్టన్ నిలబడింది.

"ఆదివారం మీరంతా వచ్చి పొగిడారు. మీరు కంచె దాటి లోపలికి రారని నాకు తెలుసు. నేను కాదనలేదు. అంతకంటే ఏం చేయలేదండీ" అన్నారు. "అంతకంటే ఏం చేయాలి?" అంది లెట్టీ. నేను దాన్ని ఊరుకోమన్నాను. టీ మాత్రం వేడిగా ఇచ్చాను. ఆయన అన్న మాట ప్రకారం క్రౌడర్ గారి దగ్గరికి కూడా వెళ్ళివచ్చారు. ఆయనకు అది సులువు కాదు.

నువ్వు గేటు మీద నుంచి చూసింది హార్బీ కాదు, కెస్టన్. నేను తెంపిన ఆకు మీద తుప్పు కూడా కెస్టన్‌దే. నీ గ్లాసులో పచ్చగా ఉన్నదే అసలైన హార్బీ.

పొలం ప్రమాదం మాత్రం పోలేదు. దొరగారి మాట దొరగారిదే. వచ్చే ఏడు మన గోధుమ పడిపోతే డానట్ గారికి కాకపోతే ఇంకొకరికి ఇస్తారని క్రౌడర్ గారు చెప్పి పంపారు. అందుకని డానట్ గారు వెళ్ళాక లెట్టీ, నేను బల్ల దగ్గర కూర్చున్నాం. ముందు ప్రార్థించుకున్నాం. లెట్టీ కళ్ళు మూసుకుంది గాని కాలు ఊపుతూనే ఉంది.

"కెస్టన్‌కు తుప్పు వస్తుంది అత్తా. వచ్చాక చేసేదేమీ ఉండదు" అంది.

"వస్తే పంటలో కొంత పోతుంది. చల్లటి వసంతం వస్తేనే ఎక్కువ వస్తుంది, రాకపోవచ్చు కూడా. ఆ చిక్కుడు నేల బలం మాత్రం తప్పక ఉంటుంది. హార్బీ అక్కడ పడకుండా ఉండదు. పడితే పంటా పోతుంది, పొలమూ పోతుంది" అన్నాను.

"మరి ఎత్తు మీదున్న మన పైపొలం?"

"అది పలచటి సున్నపు నేల. అక్కడ ఏదీ పడేంత ఎత్తు పెరగదు. గాలి ఎప్పుడూ తడి ఆరబెడుతుంది. అక్కడ హార్బీ."

"అంటే తాతయ్య పద్ధతి మార్చేసినట్టే. ఒక కొట్టు, రెండు రకాలు. కలిసిపోతే?"

"కొట్టు మధ్యలో అడ్డంగా పలకలు కొట్టిద్దాం."

తర్వాత లెట్టీ అంది, "నాన్న లేకుండా నిర్ణయిస్తే ఊరుకోడు. ఆయన ఓటు కూడా వేద్దాం." అది లేచి నిలబడి, బొటనవేళ్ళు నీలాగే బెల్టులో దూర్చి, "అన్ని పొలాల్లోనూ హార్బీయే. రోడ్డు మీద నుంచి నా కళ్ళతో నేను చూశాను" అని నీ గొంతుతోనే అంది. కుక్క లేచి తలుపు వైపు చూసింది.

ఆ ఓటు న్యాయంగానే లెక్కలోకి తీసుకున్నాం. చాపెల్ రోడ్డు పొలానికి కెస్టన్, కొంచెం ఆలస్యంగా, కొంచెం పలచగా విత్తాలి. పైపొలానికి హార్బీ. నువ్వు ఓడిపోయావు. సంతకం నేను పెట్టాను. నువ్వు ఈ ఉత్తరం చదివేసరికి ఆర్డరు వ్యాపారి చేతిలో ఉండాలని దాన్ని నిన్న రాత్రి ఆఖరు బస్సుకే పంపేశాం, దీన్ని ఈ ఉదయం పోస్టు చేస్తున్నాం.

అక్క థిర్జా